విమానమున కిటికీ ప్రక్క

విమానములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. విమానమెట్లు లేచునో, ఎట్లు దిగునో చెప్పుటకు నాకు యంత్రశాస్త్రము రాదు. నేను జీవితమంతయు బడిపిల్లలకు చరిత్ర పాఠములు చెప్పినవాడను. కావున విమానములో కూర్చుండి క్రిందికి చూచు పనిని గూర్చి మాత్రమే చెప్పెదను. ఆ పనికిని చరిత్ర కలదు. అందులో కొంత ప్రాణనష్టము కూడ కలదు.

ఈ విషయముపై నాకు శ్రద్ధ కలుగుటకు కారణము నేను చేసిన యొక పొరపాటు. మా అన్నగారు తూర్పు డెల్టాలో ముప్పది యేండ్లు కాలువ లాకుల యొద్ద లష్కరుగా పనిచేసిరి. మా తండ్రిగారు పోయిననాడు చదువు మానుకొని ఆ పనిలో చేరి, ఆ జీతముతో నన్ను చదివించిరి. వారికి కన్నులలో శుక్లములు కమ్మగా, హైదరాబాదులో చికిత్స చేయించుటకు నేను వెళ్లి తీసికొని వచ్చితిని. రైలు ప్రయాణము వలదని విమానమున రాజమహేంద్రవరమునుండి బయలుదేరితిమి. "ఆనకట్ట పైనుంచి కనపడుతుందిట్రా?" అని దారిలో రెండుమార్లు అడిగిరి. కనబడునని ధైర్యముగా చెప్పి కుడివైపున కిటికీ ప్రక్క వారిని కూర్చుండబెట్టితిని. విమానము పడమరకు తిరిగినది. కుడివైపు ఉత్తరము. కొండలును అడవులును తప్ప వారికేమియు కనబడలేదు. గోదావరియు, ఆనకట్టయు, డెల్టాయు ఎడమవైపు కిటికీలయందు చక్కగా సాగిపోయినవి. అక్కడ కూర్చున్న యువకుడొకడు కిటికీ మూసి నిద్రించుచుండెను. మా అన్నగారు నన్నొక్కమాటయు అనలేదు. "బాగుంది" అనిరి. ఆ "బాగుంది" నన్ను చాలదినములు బాధించినది.

ఆకాశమునుండి నేలను చూచుట మనకు క్రొత్త కాదని మీలో పెద్దలు వెంటనే అందురు. నిజమే. వాల్మీకి రామాయణమున యుద్ధకాండ చివర, పుష్పకమెక్కి లంకనుండి అయోధ్యకు పోవుచు రాముడు సీతకు క్రింది ప్రదేశములను ఒక్కొక్కటిగా చూపును. మొదట యుద్ధభూమి, తరువాత సేతువు, కిష్కింధ, ఋశ్యమూకము, పంప, గోదావరి, చిత్రకూటము, యమున, గంగ, కడపట సరయువు, అయోధ్య. మార్గము దక్షిణమునుండి ఉత్తరమునకు తప్పకుండ నడచును. కాళిదాసు రఘువంశమున పదుమూడవ సర్గ అంతయు ఈ ప్రయాణమే. ఆ కవులు విమానమెక్కినవారు కారు. అయినను క్రిందనున్నదానిని ఎరిగినవాడు ప్రక్కన కూర్చుండి చూపినప్పుడే ఆ దృశ్యమునకు అర్థమేర్పడునని వారు గ్రహించిరి. సీతకు ఆ త్రోవ తెలియదు. ఆమెను మోసికొని పోయినవాడు దానిని చూపలేదు.

నేడు మీలో ఎవరైన మద్రాసునుండి కొలంబోకు పోయినచో, పోవునప్పుడు కుడివైపున కూర్చుండుడు. విమానము సాధారణముగ యాళ్పాణము మీదుగా దక్షిణమునకు పోవును. ధనుష్కోటి, సేతువు, మన్నారు పడమరనుండును. మబ్బు లేనిచో లోతులేని నీటిలో ఇసుకతిన్నెలు లేత ఆకుపచ్చ రంగున వరుసగా కనబడును. తిరిగి వచ్చునప్పుడు ఎడమవైపు. ఉదయమున పొండు. సాయంకాలమైనచో సూర్యుడు ఆ వైపుననే యుండి కన్నులను మిరుమిట్లు గొలుపును.

మానవుడు నిజముగ పైకి లేచినది 1783లో. ఆ సంవత్సరము నవంబరు 21వ తేదీన పారిసు నగరమున ఇరువురు మనుష్యులు వేడిగాలి బుడగలో ఎగిరిరి. పది దినముల తరువాత, డిసెంబరు 1వ తేదీన, చార్లెసు అను భౌతికశాస్త్రవేత్త ఉదజని నింపిన బుడగలో తన సహాయునితో ఎగిరెను. అస్తమయవేళకు నేలకు దిగి, సహాయుడు దిగిపోగా, తానొక్కడే మరల లేచెను. బరువు తగ్గినందున బుడగ అతివేగముగ పైకి పోయినది. ఇదివరకే అస్తమించిన సూర్యుడు అతనికి మరల కనబడి, మరల అస్తమించెను. ఒకే దినమున రెండు అస్తమయములను చూచిన మొదటి మనుష్యుడతడే. అట్టివానికి సాయంసంధ్య ఒక్కమారా, రెండుమార్లా అని మా ఊరి పురోహితుని నేనొకసారి అడుగగా, ఆయన నవ్వి ఊరకుండెను. చార్లెసునకు ఆ ఎత్తున చలియు చెవిపోటును సహింపరానివైనవి. అతడు మరల ఎన్నడును ఎగురలేదు.

రైటు సోదరులు 1903 డిసెంబరు 17వ తేదీన మొదట ఎగిరినది పండ్రెండు క్షణములు, 120 అడుగులు. ఆ యంత్రమునకు కిటికీ మాట అటుంచి, గోడయే లేదు. నడుపువాడు రెక్కపై బోర్లపడుకొనెను. తరువాత పదియేండ్లు విమానమెక్కినవారు దాదాపు అందరు గాలికి ఎదురొడ్డి కూర్చున్నవారే. వారికి నాలుగు దిక్కులు కనబడెడివి. కాని కన్నులవెంట నీరు కారుచుండగా ఏమి చూడగలరు? 1913లో రుష్యాదేశమున సికోర్స్కీ అను యువకుడు నాలుగు యంత్రములు గల పెద్ద విమానమును చేసెను. అందు ప్రయాణికులకు మూసిన గదియు, గదికి కిటికీలును, ముందువైపున మన ఇండ్లకున్నట్లు చిన్న వసారాయు నుండెను. మరుసటి సంవత్సరము అంతకంటె పెద్ద విమానముపై అతడు పెట్రోగ్రాడునుండి, అనగా నాటి సెయింటు పీటర్సుబర్గునుండి, కీవు నగరమునకు పోయి వచ్చెను. సుఖముగ కూర్చుండి అద్దమునుండి భూమిని చూచుట అను మాట అక్కడ ప్రారంభమైనదని నా అభిప్రాయము.

మన దేశమున 1911 ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదునుండి యమునకు ఆవలి నైనీకి పెకే అను ఫ్రెంచివాడు ఉత్తరముల సంచులతో ఎగిరెను. దూరము ఆరు మైళ్లు. తరువాత చెప్పదగినది 1932 అక్టోబరు 15. ఆ ఉదయమున జె.ఆర్.డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి ఒంటరిగ టపా తెచ్చెను. అహమ్మదాబాదులో ఆ విమానమునకు పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చినవని చెప్పుదురు. బొంబాయినుండి ఆ టపాను నెవిల్ విన్సెంటు బళ్ళారి మీదుగా మద్రాసునకు చేర్చెను. మన తుంగభద్రాతీరపు పొలములను, హంపి రాళ్లగుట్టలను ఆ మార్గమున విమానపు అద్దమునుండి చూచువారు అప్పటినుండి ఏర్పడిరి. టాటా 1962లో ఒకమారు, 1982లో ఒకమారు అదే మార్గమున చిన్న విమానమును తానే నడిపెను. రెండవమారునకు ఆయనకు డెబ్బదియెనిమిదేండ్లు. ముసలితనమున తీర్థయాత్ర చేయుట మనకు తెలిసినదే గదా.

చూచుటకై పడిన పాట్లలో ఎవరెస్టు సంగతి చెప్పక విడువరాదు. 1933 ఏప్రిల్ 3వ తేదీన బీహారులోని పూర్ణియానుండి రెండు విమానములు బయలుదేరి, ఎవరెస్టు శిఖరముపై మొదటిసారి ఎగిరినవి. ఒకదానిని క్లైడ్స్‌డేల్, రెండవదానిని మెకింటైర్ నడిపిరి. వారితో చిత్రములు తీయువారు ఇరువురు. అందు బానెట్ అనునతడు రెండవ విమానమున చలనచిత్రపు యంత్రమును పట్టుకొని యుండగా, ప్రాణవాయువు గొట్టము పగిలినది. అతడు చేతిరుమాలు చుట్టి కట్టుకొనెను. అయినను స్పృహ తప్పి పడిపోయెను. విమానము క్రిందికి దిగిన తరువాతనే తెలివి వచ్చినది. ఇంత చేసియు మొదటిదినపు పటములలో కొలతకు కావలసినవి సరిగా రాలేదు. మైదానముపై లేచిన ధూళిపొర క్రింది నేలను కప్పివేసెను. ఏప్రిల్ 19వ తేదీన మరల పోవలసివచ్చెను.

ఆ ధూళి నేటికిని ఉన్నది. ఢిల్లీనుండి కాఠ్మండుకుగాని, బాగ్‌డోగ్రాకుగాని పోవువారు ఎడమవైపున కూర్చున్నచో హిమాలయములు చూడవచ్చును, తిరుగుప్రయాణమున కుడివైపు. కాని వైశాఖ జ్యేష్ఠములందు పోయి, ఏమియు కనబడలేదని చింతించి ఫలము లేదు. వానలు వెలిసిన తరువాత, ఆశ్వయుజ కార్తికములందు, ఉదయము పోవలెను. ఆ కాలమున సూర్యుడు దక్షిణమున నుండుటచేత, తూర్పుగ పోవు విమానమున ఎడమవైపువారికి కన్ను చెదరదు. మంచుకొండల ముఖము వెలుగులో నుండును. ఒకే కిటికీ వలన రెండు లాభములు.

ఇక ప్రాణనష్టము సంగతి. పిస్టను యంత్రముల విమానములు ఎక్కువ ఎత్తునకు పోలేవు. పదివేల అడుగుల ఎత్తున పోవునప్పుడు చెరువులు, పొలముల గట్లు, బాటలు ఎరిగినవానికి గుర్తుపట్టనగును. జెట్టు విమానములు వచ్చిన తరువాత ఎత్తు ముప్పదియైదువేల అడుగులు దాటినది. అచటి గాలి పీల్చుటకు చాలదు. కావున విమానము లోపల గాలిని ఒత్తి నింపవలెను. అనగా ప్రతి ప్రయాణమున ఆ గొట్టము పంటివానిని ఊదుటయు, వదలుటయు జరుగును. ఇంగ్లాండులో చేసిన కామెట్ అను జెట్టు విమానము 1952 మే 2వ తేదీన ప్రయాణికులతో మొదట పోయినది. 1954 జనవరి 10వ తేదీన సింగపూరునుండి కలకత్తా, కరాచీల మీదుగా వచ్చిన కామెట్ ఒకటి, రోము నగరమునుండి లేచిన కొంతసేపటికి ఎల్బా ద్వీపమునొద్ద ఆకాశముననే తునకలై సముద్రమున పడినది. ముప్పదియైదుగురు చనిపోయిరి. ఏప్రిల్ 8వ తేదీన మరియొకటి నేపుల్సు సమీపమున అట్లే పోయినది. ఇరువదియొక్కరు.

కారణమెవరికిని తెలియలేదు. అప్పుడు ఇంగ్లాండులోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీటితొట్టిలో నుంచి, నీటితోనే లోపలి ఒత్తిడిని పెంచుచు, తగ్గించుచు, ప్రయాణములవలె వేలసార్లు చేసిరి. అంతకుముందు ఎగిరిన ప్రయాణములతో కలిపి 3,057వ ఆవృత్తిలో దాని గోడ చీలినది. ఆ చీలిక ఒక కిటికీ మూలయొద్ద కనబడినది. ఎల్బా సముద్రమునుండి తీసిన తునకలలో చీలిక పైకప్పుపై రేడియో సాధనములకై కోసిన రంధ్రపు మూలనుండి బయలుదేరినట్లు తేలినది. చదరపు కిటికీలవలన విమానములు కూలినవని జనులు చెప్పుకొను మాట పూర్తిగ తప్పు కాదు, పూర్తిగ నిజమును కాదు. పలుచని రేకునకు ఎక్కడ కోతపెట్టినను, అచట మూల యున్నచో ఒత్తిడి యంతయు అక్కడికి చేరును. చినిగిన గుడ్డ ఎక్కడనుండి చినుగునో మన ఇంటి ఆడువారికి తెలియును. నాటినుండి విమానపు కిటికీల మూలలు గుండ్రనైనవి. నేడు మనము మోచేయి ఆన్చికొను ఆ గుండ్రని అంచునకు ఆ యేబదియారుగురు మూల్యము చెల్లించిరి.

కిటికీని పరికించి చూచినచో మూడు అద్దములుండును. వెలుపలిది ఒత్తిడిని మోయును. అది పగిలినచో నడిమిది కాపాడును. మనచేతికి తగులు లోపలిది కేవలము గీతలు పడకుండుటకు. నడిమి అద్దమున అడుగుభాగమున గుండుసూది తలంత రంధ్రముండును. కిటికీ పగులునేమో యని దానిని చూచి భయపడినవారిని నేనెరుగుదును. లోపలి గాలి ఒత్తిడి వెలుపలి అద్దముపైననే పడుటకు దానిని కావలెననియే పెట్టిరి. దానిచుట్టు మంచుపువ్వు పూయుచుండును. అది కూడ చూడదగినదే. 1976 మొదలు 2003 వరకు ప్రయాణికులను మోసిన కంకార్డు విమానము దాదాపు అరువదివేల అడుగుల ఎత్తునకు పోయెడిది. అందు కిటికీలు అరచేయంత. అద్దము పగిలినచో గాలి మెల్లగ పోవలెనని అంత చిన్నవి చేసిరి. లోకమంతటిలో ఎక్కువ ఎత్తునుండి చూడగల ప్రయాణికులకు అందరికంటె చిన్న కిటికీ!

ఎత్తు పెరిగినకొలది దూరము కనబడును గాని గుర్తులు పోవును. ఇరువది మీటర్ల తాడిచెట్టు పైనుండి గీతకార్మికునకు దిగంతము పదునారు కిలోమీటర్లు. పది కిలోమీటర్ల ఎత్తున విమానమునుండి సుమారు 350 కిలోమీటర్లు. కాని తాడిచెట్టు మీదివాడు ఎవరి ఆవు ఎవరి చేనిలో పడినదో చెప్పగలడు.

స్థలము కోరుకొనునప్పుడు నేను చూచు విషయములు రెండు మూడు. రెక్కకు ముందుగాని, బాగుగ వెనుకగాని కూర్చుండవలెను. రెక్కపైన కూర్చున్నవానికి రెక్కయే దృశ్యము. రెక్క వెనుక యంత్రపు వేడిగాలి వలన నేల ఎండమావివలె కదలును. రాజమహేంద్రవరమునకు వచ్చు పంకాల చిన్న విమానములకు రెక్క పైననుండుటచేత ఈ బాధ తక్కువ. కిటికీస్థలమని పేరుపెట్టి ఇచ్చిన చోట గోడయే యుండుటయు కలదు. గాలిగొట్టములు గోడలో పోవుచోట కిటికీ యుండదు. నాకొకసారి అట్టిది దొరికినది. హెచ్చుసొమ్ము చెల్లించి గంటన్నరసేపు తెల్లని గోడను చూచితిని.

సామాన్యముగ సూర్యుడు లేని వైపు మేలు. ఉదయము హైదరాబాదునుండి ఉత్తరమునకు పోవునప్పుడు ఎడమవైపు, సాయంకాలము కుడివైపు. సూర్యునకు ఎదురువైపు కూర్చున్నవారికి మరియొక బహుమానము కలదు. క్రింద మబ్బులున్నప్పుడు విమానపు నీడ వానిపై పడి, ఆ నీడచుట్టు రంగుల వలయమేర్పడును. దేవతల తలచుట్టు చిత్రకారులు వ్రాయు ప్రభవలె నుండును. మన నీడకే ఆ ప్రభ! 1894లో స్కాట్లండులోని బెన్ నెవిస్ కొండపై విల్సను అను యువకుడు ఇట్టి వలయములను చూచి, వానిని ప్రయోగశాలలో చేయవలెనని యత్నించి, మేఘపేటికను కనుగొనెను. కంటికి కానరాని అణురేణువుల జాడలను చూపిన ఆ పేటికకు 1927లో నోబెలు బహుమానము వచ్చినది.

అయితే నీటిని చూడవలెనన్నచో ఈ నియమము తలక్రిందులగును. అప్పుడు సూర్యుని వైపే కూర్చుండవలెను. నేల నల్లబడును, నీరు మాత్రము వెండివలె వెలుగును. ఎంత సన్నని కాలువయైనను దాగదు. ఈ సంగతి నేను పుస్తకమున చదివినది కాదు.

చికిత్స జరిగి నెల దాటిన తరువాత, కార్తికమాసమున, మా అన్నగారిని ఇంటికి తీసికొనిపోయితిని. ఈసారి ముందురాత్రి కాగితముపై గీత గీసి, సూర్యుని స్థానము వ్రాసికొని, ఉదయపు విమానమున కుడివైపు కిటికీని కోరితిని. విమానము దిగుటకు వంగినప్పుడు గోదావరి కనబడినది. మొదట వంతెనలు. 1974లో కట్టిన రైలు రోడ్డు వంతెన. 1900లో తెరచి, 1997లో రైళ్లు మానిన పాతది. దాని బదులు వచ్చిన విల్లు కమానులది. వాని కవతల ఆనకట్ట. 1847 మొదలు 1852 వరకు కాటను దొర కట్టించిన దాని బదులు, 1982లో పూర్తియైన బారేజి ఇప్పుడున్నది. లంకల నడుమ నాలుగు తునకలుగ అది ఏటికి అడ్డముగ నున్నది. మా అన్నగారు వ్రేళ్లతో లెక్కపెట్టి, "ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం" అనిరి. ఎదుటి సూర్యకాంతిలో కాలువలు ఒక్కసారిగ వెలిగినవి. పెద్ద కాలువ, దానినుండి చీలినవి, వానినుండి చీలినవి, ఆకుమీది ఈనెలవలె పోయి పోయి సన్నగిలి, ఎక్కడనో పొగమంచులో కలిసినవి. ఆ అంచున సముద్రము తెల్లని గీత.

వారు చాలసేపు మాటలాడలేదు. నొసలు అద్దమునకు ఆనించి యుండిరి.

"ఒరే, ఇంత దూరమా!" అనిరి కడపట.

"ఏది, అన్నయ్యా?"

"చివరి చేలు. ముప్పయ్యేళ్లు వాళ్లు లాకుల దగ్గరికొచ్చి నీళ్లందలేదనేవాళ్లు. నేను వదిలానురా, నా చేత్తోనే తలుపెత్తాను. అబద్ధాలాడుతున్నారని కసిరేవాణ్ణి. ఓ ముసలాయన నా కాళ్లు పట్టుకోబోయాడు కూడాను."

విమానము దిగినది. అందరు లేచి సామానులు దింపుకొనుచుండిరి. వారు లేవలేదు. ఆ ముసలాయన ఊరు ఏదో జ్ఞాపకము చేసికొనుచుంటిననిరి. ఇంటికి పోవుదారిలో, ఆ ఊరు తోచినదని చెప్పి, కారును అటు తిప్పుమనిరి.